ఎవరి ఘంటసాల వారిదే

పొగడ్త రాయడం ఎంత తేలికో జ్ఞాపకం రాయడం అంత కష్టమని నాకు 2022 డిసెంబరులో తెలిసొచ్చింది.

ఆ నెల నాలుగో తారీఖుకి ఘంటసాల వెంకటేశ్వరరావు గారు పుట్టి సరిగ్గా నూరేళ్ళు. ఏలూరులో మా వీధి ఆడవాళ్ళం నెలకోసారి ఎవరో ఒకరింట్లో చేరుతుంటాం. పేరుకి సాహిత్య గోష్ఠి, జరిగేది చాలావరకు కాఫీ ఫలహారాలే అనుకోండి. ఆ నెలకి మాత్రం ఘంటసాల పాటతో ఎవరికున్న జ్ఞాపకం వాళ్ళు ఒక కాయితం మీద రాసుకురావాలని తీర్మానించాం. మాతో ఆగక అక్కచెల్లెళ్ళకీ, వదినలకీ, వియ్యపురాళ్ళకీ కూడా కబురు పెట్టాం. తాడేపల్లిగూడెం నించీ, భీమడోలు నించీ, కైకలూరు నించీ, కొల్లేటి లంకల నించీ కూడా కాయితాలు వచ్చి పడ్డాయి. అన్నీ చదివి బాగున్నవి ఏరే పని నా నెత్తిన పెట్టారు. "నువ్వు పత్రికలకి రాస్తావుగా, నీకైతే తెలుస్తుంది" అన్నారు. బాగా వండుతుందని మెచ్చుకుని పెళ్ళిలో గాడిపొయ్యి దగ్గర కూచోబెట్టినట్టన్నమాట.

సరే, కళ్ళజోడు పెట్టుకుని కూచున్నాను. మొదటి కాయితంలో "గాన గంధర్వుడు." రెండో దాంట్లో "అమర గాయకుడు." మూడో దాంట్లో రెండూ ఉన్నాయి, పైన "తెలుగుజాతి చేసుకున్న పుణ్యం" కూడానూ. అయిదారు కాయితాలయ్యేసరికి నాకు అనుమానం వచ్చింది. వీళ్ళంతా ఘంటసాలని విన్నారా, లేక ఘంటసాలని పొగిడిన ఉపన్యాసాలని విన్నారా అని. గంధర్వులు ఎలా పాడతారో మనలో ఎవరు విన్నారు గనక! మనకి తెలిసిన మనిషిని తెలియని గంధర్వుడితో పోలిస్తే తెలిసిందేముంటుంది?

పొగడ్తల తర్వాత జీవితచరిత్ర. కొల్లేటికి అవతల, గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టడం, తండ్రి తరంగాలు పాడుతుంటే పసివాడు వాటికి చిందులు వెయ్యడం, సంగీతం కోసం విజయనగరం వెళ్ళి మధుకరం ఎత్తుకుని బతకడం, పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యరికం, 1942 ఉద్యమంలో జైలు, సముద్రాల రాఘవాచార్యుల గారి ప్రోద్బలంతో మద్రాసు, ఆ పైన చరిత్ర. అంతా నిజమే. కాని ఇది అందరి దగ్గరా అచ్చు ఒక్కలాగే ఉంది. ఒకరింట్లో పట్టిన ఆవకాయ పది ఇళ్ళకి పంచినట్టు! మనింటి ఆవకాయ రుచి ఏదమ్మా అంటే సమాధానం లేదు.

ఈ జీవితచరిత్రలన్నిట్లో ఒక్క కాయితం దగ్గర మాత్రం ఆగాను. రాసినావిడ భీమడోలు ఆవిడ. అందరిలాగే మధుకరం సంగతి రాసి, చివర ఒక ప్రశ్న వేసింది. ఆ కుర్రాడి జోలెలో రోజూ అన్నం వేసిన ఇల్లాళ్ళ పేర్లు ఎవరైనా రాసుకున్నారా అని. తర్వాత ఏళ్ళకి రేడియోలో ఆ గొంతు వింటూ, తను పిడికెడు మెతుకులు వేసింది ఈ గొంతుకేనని వాళ్ళలో ఎవరికైనా తెలిసిందో లేదో అని. ఇదుగో, ఇది విమర్శ. తెలిసిన కథనే వంటింటి గుమ్మంలో నించుని చూసింది. చూసిన చోటు మారేసరికి కథ కొత్తదైపోయింది.

రెండో రకం కాయితాలు తప్పుల తడకలు. ఒకావిడ "మిస్సమ్మ"లో రామారావుకి ఘంటసాల ఎంత హాయిగా పాడారో వర్ణించింది. 1955లో వచ్చిన ఆ సినిమాలో రామారావుకి పాడింది ఎ.ఎం. రాజా. గూడెం నించి ఇంకొకావిడ తన పెళ్ళి పందిట్లో మైకుసెట్టులో ఘంటసాల భగవద్గీత వేశారని రాసింది. పెళ్ళి 1969లో అయిందిట. ఆ గీత రికార్డు బయటికొచ్చింది 1974లో, ఆయన పోయాక. ఫోన్ చేసి, "పిన్నిగారూ, ఇది పొసగదండీ" అన్నాను మెల్లిగా. "అయితే నా పెళ్ళి తారీఖు మార్చమంటావా ఏవిటే?" అంది. తీరా ఆరా తీస్తే, పందిట్లో వేసింది కరుణశ్రీ గారి "పుష్పవిలాపం" కాబోలు అని తేలింది. తర్వాత అత్తారింట్లో రోజూ గీత వినీ వినీ, ఆ గొంతునీ ఆ పెళ్ళినీ కలిపి ఒకే మూట కట్టుకుంది. నేను తప్పు పట్టదలుచుకోలేదు. తారీఖు తప్పే. ఆ గొంతు తన సంసారంతోపాటు మొదలైందని ఆవిడ చెప్పుకున్న మాట మాత్రం తప్పు కాదు.

కాని ఒక్క తప్పుని క్షమించకూడదనిపించింది. "లవకుశ" గురించి రాయని కాయితం లేదు. 1963లో వచ్చిన ఆ సినిమాకి నాకు ఎనిమిదేళ్ళు. ఎడ్లబళ్ళు కట్టుకుని, చద్దన్నాలు మూటగట్టుకుని పల్లెల నించి జనం రావడం నేనెరుగుదును. మా అమ్మమ్మ సినిమా హాల్లో అడుగుపెట్టే ముందు చెప్పులు బయట విడిచింది. ఆ సినిమా పాటలన్నీ "మా ఘంటసాల పాటలు" అని అందరూ రాశారు. బాణీలు ఆయనవే, కాదన్ను. మరి ఆ పసివాళ్ళ గొంతులెవరివమ్మా? పి. లీల గారివీ, పి. సుశీల గారివీ. ఇద్దరు ఆడవాళ్ళు ఇద్దరు మగపిల్లలై పాడితే రాష్ట్రమంతా కళ్ళు తుడుచుకుంది. లీల గారైతే కేరళ నించి వచ్చి, మన మాట నేర్చుకుని, మన వాళ్ళకంటే స్పష్టంగా పలికారు. 1951 నాటి "పాతాళ భైరవి" నించీ ఘంటసాల పక్కన ఆవిడ గొంతు ఉంది. అభిమానుల జ్ఞాపకాల్లో మాత్రం పేరు లేదు. పెళ్ళికి చాకిరీ అంతా చేసినావిడ పేరు శుభలేఖలో లేకపోవడం మనకేం కొత్త? కాని రాసింది ఆడవాళ్ళమే గదా అని కష్టం వేసింది.

హార్మోనియం ముందు కూచుని సాయపడ్డ పట్రాయని సంగీతరావు గారిని కూడా ఎవరూ తలవలేదు. ఆయన సాక్షాత్తూ ఘంటసాల గురువుగారి కొడుకు. శిష్యుడు పేరు తెచ్చుకున్నాక గురుపుత్రుడు వచ్చి ఏళ్ళ తరబడి పక్కన పనిచెయ్యడం, ఇద్దరి మధ్యా అది చెడకుండా నిలబడడం చిన్న సంగతేం కాదు. ఇళ్ళల్లో అన్నదమ్ములు ఒక గట్టు తగువు తీర్చుకోలేక కోర్టులకెక్కే ప్రాంతం మనది! మనకి ఒక్క గొంతుగా వినిపించింది నిజానికి ఒక బృందం. వయొలిన్లూ, వేణువూ, తబలా, కోరసులో నించున్న పేరులేని అమ్మాయిలూ అంతా కలిస్తేనే మనం ఘంటసాల అన్న ఆ మూడున్నర నిమిషాలు.

ఇక మూడో రకం కాయితాలు. ఇవి కొద్ది. వీటిల్లో పొగడ్త లేదు, చరిత్ర లేదు, కొన్నిట్లో ఘంటసాల పేరు కూడా ఒకటి రెండుసార్లకి మించి లేదు. ఆ పాట వచ్చినప్పుడు తాము ఏం చేస్తున్నారో మాత్రం ఉంది.

గూడెం నించే ఒకావిడ రాసింది. పెద్ద ఉమ్మడి కుటుంబంలో కోడలిగా అడుగుపెట్టిందిట. కోడలు గొంతెత్తి పాడకూడదు, అది ఆ ఇంటి మర్యాద. రేడియో మగవాళ్ళు కూచునే ముందు గదిలో ఉండేది. వంటింట్లోంచి తలుపు సందున వినాల్సిందే. ఆవిడకి రోజూ తెల్లారకుండానే అత్తగారి పూజకి పూలు కొయ్యడం పని. కోస్తూ కోస్తూ నోట్లో నోట్లో "పుష్పవిలాపం" పద్యాలు పాడుకునేదిట. తెలుసుగా, అందులో పూలు తమని తెంపొద్దని ఏడుస్తాయి. తెంపుతున్నదీ ఈవిడే, ఏడుస్తున్నదీ ఈవిడే! ఒకరోజు అత్తగారు వెనక నించుని అంతా విన్నారు. ఆవిడ గుండె ఆగిపోయినంత పనైంది. అత్తగారు ఏమీ అనలేదుట. మర్నాడు మాత్రం, "ఇవాళ్టి నించి నాలుగు పూలు చాల్లే అమ్మాయ్" అన్నారుట. ఆ మాట పువ్వుల మీద జాలితో అన్నారో, కోడలి మీద జాలితో అన్నారో తనకి ఇప్పటికీ తెలీదని రాసి ముగించింది. నేను ఆ కాయితం పక్కన పెట్టుకుని చాలాసేపు కూచున్నాను.

మా మరిది సంగీతం నేర్చుకున్నవాడు. ఈ కాయితాలు చూసి పెదవి విరిచాడు. "ఇది విమర్శ ఎలా అవుతుంది వదినా? రాగం చెప్పాలి, స్వరం చెప్పాలి, గమకం చెప్పాలి. పూలు కోశాను, కూర తరిగాను అంటే అది ఘంటసాల సంగతా, వాళ్ళ సంగతా?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. అంచేత నాకు తోచిన సమాధానం కాస్త వివరంగా చెబుతాను.

ఘంటసాలకి ముందు పద్యం ఎక్కడుండేది? నాటకం స్టేజీ మీద ఉండేది. మైకుల్లేని రోజుల్లో చివరి వరసలో నేల మీద కూచున్నవాడికి కూడా వినిపించాలి గనక నటుడు గొంతు చించుకునేవాడు. పద్యం చివర రాగం అందుకుంటే దించేవాడు కాదు. జనం "వన్స్ మోర్" అంటే మళ్ళీ మొదటి నించీ. అందులో ఒక గొప్ప ఉంది, నేను చిన్నచూపు చూడను. కాని ఆ రాగాల వరదలో మాట మునిగిపోయేది. పద్యం ముందే వచ్చినవాడికే పద్యం అర్థమయ్యేది. ఘంటసాల గారు మైకు కాలపు మనిషి. అరవక్కర్లేదు. చెవి దగ్గర కూచుని చెప్పినట్టు చెప్పొచ్చు. ఆయన రాగాన్ని కత్తిరించారు. ముందు కాస్త, చివర కాస్త ఉంచి, మధ్యలో మాటని మాటగా, ఎక్కడ విరిస్తే అర్థం తెలుస్తుందో అక్కడ విరిచి పలికారు. ఒత్తులు ఒత్తుల్లా, దీర్ఘాలు దీర్ఘాల్లా వినిపించాయి.

దీనివల్ల ఏం జరిగింది? మా అమ్మమ్మకి చదవడం రాదు. సంతకం అడిగితే వేలిముద్ర. ఆవిడకి పద్యాలు వచ్చు. ఒకటి కాదు, రెండు కాదు. పుస్తకం పట్టని ఆవిడ నోట్లోకి ఆ పద్యాలు ఎలా వెళ్ళాయి? వినబడేంత తేటగా పలికినవాడు ఉండబట్టి వెళ్ళాయి. ఒక్కసారి నోట్లోకి వెళ్ళాక అవి ఆవిడవి. మా తాతయ్య మీద కోపం వస్తే ఏ పద్యం, మజ్జిగ చిలుకుతూ ఏ పద్యం అన్నది ఆవిడ ఇష్టం. మా మరిది అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే. పూలు కోసినావిడ కాయితం ఆవిడ సంగతీ, ఘంటసాల సంగతీ కూడాను. తన కష్టానికి వాడుకునేంత తేలిగ్గా ఆ పద్యం ఆవిడ నోటికి అందడమే ఆయన పాటలోని గుణం. రాగం పేరు చెప్పి ఊరుకుంటే ఆ గుణం బయటపడదు. ఎవరు, ఎక్కడ, దేనికి వాడుకున్నారో చెబితేనే బయటపడుతుంది.

రేడియో సంగతి కూడా ఒక్క మాట చెప్పాలి. ఏటేటా పోస్టాఫీసులో రేడియోకి లైసెన్సు డబ్బు కట్టాల్సిన రోజులవి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. కాని 1952 తర్వాత, కేస్కర్ గారు మంత్రిగా ఉన్న కాలంలో, సినిమా పాటలు చవకబారువని ఆకాశవాణి వాటిని దూరం పెట్టింది. ఇక జనమంతా ముల్లు సిలోను వేపు తిప్పారు. తర్వాత 1957లో వివిధభారతి వచ్చింది. గురగురల మధ్య, సముద్రం అవతల నించి మన పాట మనకి రావడం, అదీ ఏ వేళప్పుడో ఒక్క అయిదు నిమిషాలు. అంచేత పాట వచ్చిందంటే చేతిలో పని ఆగిపోయేది. ఇవాళ ఫోన్లో వేలు పెడితే పాట. ఎప్పుడంటే అప్పుడు వచ్చేది ఎప్పుడు వచ్చిందో గుర్తుండదు. మన ముందటి తరం జ్ఞాపకాలు అంత గట్టిగా ఉండడానికి ఆ కరువు కూడా ఒక కారణం.

మూడో రకంలో నేను మొదటి బహుమతి ఇచ్చిన కాయితం కొల్లేటి లంక నించి వచ్చింది. రాసింది మనవరాలు, చెప్పింది నాయనమ్మ. చదువు లేదావిడకి. వాళ్ళాయన రాత్రిళ్ళు దోనె మీద వేటకెళ్ళి తెల్లారగట్ల వచ్చేవాడుట. ఊళ్ళో ఎవరింట్లోనో ట్రాన్సిస్టరు ఉండేది. అందులో విని "దేవదాసు" పాట ఒకటి నేర్చాడు. "మా ఆయన పాడితే పిట్టలు లేచిపోయేయి, అంత బాగుండేది కాదు" అని చెప్పిందావిడ. కాని నీళ్ళ మీద శబ్దం చాలా దూరం వస్తుంది. కిక్కిస గడ్డి అవతల నించి, ఇంకా మంచు విడవకముందే ఆ పాట వినిపిస్తే ఆయన క్షేమంగా తిరిగొచ్చినట్టు. ఆ పాట వినగానే ఆవిడ లేచి పొయ్యి రాజేసి ఎసరు పెట్టేది. పాట వినిపించని రోజు గట్టు మీదకి వెళ్ళి నించునేది. తర్వాత తర్వాత కొల్లేరు నిండా చేపల చెరువులొచ్చాయి, గట్లు లేచాయి, ఇంజన్లొచ్చాయి. 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో ఆ గట్లు పగలగొట్టారు. ఈ లోపు వాళ్ళాయన పోయాడు. ఇప్పుడు టీవీలో ఆ పాట వస్తే, "చెయ్యి దానంతటదే ఎసరుగిన్నె మీదకి పోద్దమ్మా. గిన్నె ముట్టుకున్నాక గుర్తొస్తది" అని చెప్పిందిట.

దేవదాసు పాటంటే లోకానికంతటికీ ఏమిటండీ? భగ్నప్రేమ, తాగుడు, చావు. 1953 నించీ అంతే. ఈవిడకి మాత్రం ఆ పాట మగడు బతికి ఇంటికొస్తున్నాడన్న కబురు. పొయ్యి రాజెయ్యమన్న పిలుపు. చావు పాటని ఈవిడ బతుకు పాట చేసుకుంది. పాటకి అర్థం రాసినవారి దగ్గరా, పాడినవారి దగ్గరా ఆగిపోదనీ, వాడుకున్నవాళ్ళ చేతుల్లో అది మారిపోతుందనీ నేను చదివిన ఏ పుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు.

ఆ కాయితం నన్ను అంతగా పట్టుకోవడానికి నా సొంత కారణం ఒకటుంది. అది చెప్పకుండా తప్పించుకుందామనుకున్నాను గాని, అందరి జ్ఞాపకాలకీ మార్కులు వేసి నాది దాచుకోవడం న్యాయం కాదు.

ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న పోయారు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. గుండెజబ్బుతో తీసుకుంటూనే పాడిన గీత ఆ ఏడే రికార్డుగా వచ్చింది. ఏడువందల శ్లోకాల్లో వందకు పైగా ఏరి, శ్లోకం వెంట తాత్పర్యం కూడా తనే చెప్పారు. నా చెవికి ఆ గొంతులో అలసట వినిపిస్తుంది. వీరాభిమానులు ఒప్పుకోరు. "మాయాబజార్" నాటి గొంతుకీ దీనికీ తేడా లేదంటారు. తేడా ఉంది. ఉండబట్టే బాగుంది. పరుగులు పెట్టే కుర్ర గొంతుతో ఆ మాటలు చెబితే మనం నమ్మేవాళ్ళం కాదు.

మా అమ్మ పోపులడబ్బాలో దాచిన డబ్బుతో ఆ రికార్డు కొనిపించింది. ఇంట్లో పెద్ద భక్తి వాతావరణమేం కాదు. పొద్దున్నే కత్తిపీట ముందు కూచుని కూర తరుగుతూ గీత వినడం ఆవిడ అలవాటు. రికార్డు అరిగిపోయాక కేసెట్టు, కేసెట్టు తెగిపోయాక ఇంకో కేసెట్టు. విని ఊరుకునేది కాదు, మధ్యమధ్య జవాబులు కూడా చెప్పేది. పని చెయ్యి, ఫలితం మీద ఆశ పెట్టుకోకు అన్న శ్లోకం దగ్గర, "ఇది మా ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు నాయనా, ముందుకెళ్ళు" అనేది. ఆ మాటకి నాన్నగారు పేపరు చాటున నవ్వుకునేవారు. మా ఇంట్లో గీత అంటే పోపు వాసన, బెండకాయ జిగురు, అమ్మ వేళాకోళం.

2009లో అమ్మ పోయింది. పిలిపించిన వైకుంఠ రథం మైకులో అదే గీత వేశారు. అమ్మ కత్తిపీట ముందు విన్న గొంతే, ఆవిడ జవాబు చెప్పిన శ్లోకమే. ఈసారి జవాబు లేదు. బండి కాలవ గట్టు వెంట మెల్లిగా వెళ్ళింది. దారిలో కొట్ల వాళ్ళు లేచి నించున్నారు, ఒకాయన తలుపు దగ్గరికి వేశాడు. ఆ గొంతు వినబడితే మన ఊళ్ళలో జనం ఏం చేస్తారో మీకు తెలుసు. చిన్నపిల్లల్ని లోపలికి పిలుస్తారు. ఎవరు పోయారని ఒకరినొకరు అడుగుతారు. ఒక మనిషి తన చివరి ఓపికతో, ఎలా బతకాలో చెప్పే పుస్తకాన్ని ఎంచుకుని పాడితే మనం దాన్ని శవం బండికి హారన్ చేశాం. యుద్ధంలో నించోలేనన్నవాణ్ణి లేచి నించోమని చెప్పిన మాటలు గదండీ అవి! పడుకోబెట్టిన వాళ్ళ కోసం చెప్పినవి కావే!

ఆ తర్వాత పదమూడేళ్ళు నేను మా ఇంట్లో గీత వెయ్యలేదు. ఎక్కడైనా వినిపిస్తే కిటికీ మూసేదాన్ని. ఇంకొకళ్ళని తప్పు పట్టే హక్కు నాకు లేదు, ఆ పని నేనూ చేశాను. కొల్లేటి నాయనమ్మ కాయితం చదివాకే అనిపించింది. చావు పాటని ఆవిడ వాడి వాడి బతుకు పాటగా మార్చుకుంటే, అమ్మ అంత బతికించి వాడుకున్న పాటని నేను చావుకి వదిలేశానేమిటి? ఏ సభ పెట్టి తీర్మానం చేసినా ఆ రథం మైకు ఆగదు. వాడకం పోగొట్టిన అర్థాన్ని మళ్ళీ వాడకమే తేవాలి.

మర్నాడు పొద్దున్న ఆరింటికి వంటింట్లో గీత పెట్టాను. కొంచెం గట్టిగానే పెట్టాను, చెవులు మునుపట్లా లేవు. వంకాయలు ముందేసుకుని కూచున్నాను. మొదటి శ్లోకాలకి చెయ్యి వణికింది, దాచను. రెండు వంకాయలు తరిగానో లేదో, పక్కింటావిడ చెంగు సర్దుకుంటూ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. ముఖం పాలిపోయింది.

"వదినగారూ! ఏమైందండీ? ఎవరండీ?" అంది.

"ఎవరూ కాదమ్మా. వంకాయలు" అన్నాను.

ఒక క్షణం అర్థం కాలేదు ఆవిడకి. అర్థమయ్యాక నవ్వలేక, ఏడవలేక గోడకి చేరబడిపోయింది. కాఫీ ఇచ్చి పీట వేశాను. "పొద్దున్నే ఇదేం పాటండీ, కట్టెయ్యండి" అంది మొదట. "అయిపోయేదాకా కూచో, ఆ చిక్కుళ్ళు ఈనె తీసిపెట్టు" అన్నాను. తీసింది. పని చెయ్యి, ఫలితం అడక్కు అన్న శ్లోకమూ, తాత్పర్యమూ వచ్చాయి. ఆవిడ చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించి, "ఇది మా ఆయన ఎప్పుడైనా విన్నాడంటారా?" అంది.

అమ్మ మాట నేను ఆవిడకి చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే జవాబొచ్చింది.